రోడ్డు వేసింది ఊరు, రేటు పెరిగింది ఎవరికి?

(విజయనగరంలో ఒక సాయంత్రం గ్రంథాలయ హాల్లో, ఉత్తరాంధ్ర మునిసిపాలిటీల టౌన్ ప్లానింగ్ సెక్షన్లలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

నమస్కారమండీ. మైకు కొంచెం ఇటు జరుపుతారా? ఆ... వెనక వినబడుతోందా? సరే.

నన్ను పిలిచిన కుర్రాళ్లు ఫోన్లో టాపిక్ చెప్పారు. "భూమి విలువ పెంపుదల నుంచి స్థానిక సంస్థలు నిధులు రాబట్టుకోవడం" అన్నారు. బాబూ, ఈ పేరు పెడితే సాయంత్రం ఆరింటికి లైబ్రరీకి ఎవరొస్తారు, పకోడీల బండి దగ్గరికి వెళ్తారు గానీ అన్నాను. (నవ్వులు) అయినా వచ్చారు, సంతోషం. నేను దీన్ని మన వీధి భాషలోకి దించి చెబుతాను. రోడ్డు వేసింది ఊరు. రేటు పెరిగింది రోడ్డు పక్క స్థలానికి. ఆ పెరిగినదాంట్లో ఊరికి వాటా ఉందా? ఉంటే ఎవర్ని అడగాలి, ఎప్పుడు అడగాలి? ఇదే విషయం. "ఎప్పుడు" అన్నమాట గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరకి మళ్లీ మళ్లీ వస్తాను.

మన ఊరి నడిబొడ్డున మూడు లాంతర్ల దగ్గర పది అడుగుల కొట్టుకి అద్దె ఎంతుందో ఎప్పుడైనా అడిగారా? అదే కొట్టుని, అదే ఇటుక, అదే సిమెంటు, తీసుకెళ్లి డెంకాడ పొలాల మధ్య పెట్టండి. అద్దె సంగతి అటుంచి, ఊరికే ఇస్తానన్నా ఎవరూ రారు. మరి ఆ అద్దె గోడలకి కాదు గదా. జాగాకి. ఆ జాగాకి ఆ విలువ ఎవరు తెచ్చారు? పైడితల్లమ్మ గుడి, సిరిమాను తిరిగే దారి, కోట, ఏళ్ల తరబడి అక్కడికి వచ్చిపోయిన జనం, మునిసిపాలిటీ వేసిన దీపాలు, తవ్విన కాలవలు. కొట్టు యజమాని కష్టం లేదనను, కొట్టు కట్టాడు, సున్నం కొట్టించాడు. దానికి అద్దె ఆయనదే. కానీ జాగా విలువ మాత్రం ఊరంతా కలిసి చేసిన వస్తువు.

ఇప్పుడు భోగాపురం వెళ్దాం. బస్సెక్కితే గంటలోపే. అక్కడ ఎయిర్‌పోర్టు వస్తుందన్న కబురు రాష్ట్రం విడిపోయిన కొత్తలో పుట్టింది. శంకుస్థాపన 2019లో ఒకసారి, 2023 మే నెలలో ఇంకోసారి జరిగింది. రెండు వేల రెండు వందల ఎకరాల సంగతి అది. ఈ మధ్యలో ఏమైందో మీకు తెలుసు. విమానం ఎగరకముందే రేటు ఎగిరింది. హైవే పొడుగునా రంగురంగుల జెండాలు, కమాన్లు, "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అని బోర్డులు. అన్ని వెంచర్లూ పది నిమిషాల్లోనే ఉంటాయి, అదేం చిత్రమో. (నవ్వులు) అమ్మినవాళ్లలో నాకు తెలిసిన ఒక రైతు ఉన్నాడు. మొదటి కబురు వచ్చిన ఏడాదే కూతురి పెళ్లికని అమ్మేశాడు. ఆయన చేతి నుంచి వెళ్లాక ఆ భూమి నాలుగు చేతులు మారింది. చేతులు మారినప్పుడల్లా రేటు. పొలంలో ఒక్క గెనం గట్టు కూడా మారలేదు, అదే సరుగుడు, అదే ఇసక. మారింది కాగితమే. ఎయిర్‌పోర్టు అనే ప్రజల పని వల్ల పుట్టిన ఆ సొమ్ములో పంచాయతీకి, అసలు రైతుకి వచ్చింది చాలా తక్కువ.

ఇది కొత్త జబ్బు అనుకుంటున్నారేమో. మన జిల్లాకి ఇది రెండు వందల ఏళ్ల జబ్బు. 1802లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ శాశ్వత శిస్తు ఒప్పందం చేశారు. జమీందారు ఏటా ఇంత పేష్కష్ కట్టాలి, అది ఇక మారదు. ఆ తర్వాత చెరువులు తవ్వారు, బంజర్లు సాగులోకి వచ్చాయి, మెట్ట పల్లమైంది, ధాన్యం ధర పెరిగింది. పేష్కష్ మాత్రం 1802లో రాసినదే. పెరిగినదంతా ఎస్టేటు ఖజానాకి. తెల్లదొర తల పట్టుకున్నాడు. 1865లో నీటి తీరువా చట్టం తెచ్చుకున్నాడు: సర్కారు నీళ్లు పారిన భూమికి వేరే తీరువా కట్టాలని. వాడు మనవాడు కాదు, వాడి ఉద్దేశమూ మంచిది కాదు. అయినా లెక్క మాత్రం గమనించండి. కాలువ ఎవరు తవ్వారు, లాభం ఎవరికి పోతోంది, అందులో మన వంతు ఏది అని అడిగాడు. మన తాతలు దీన్ని నీటి తీరువా అన్నారు. ఇప్పుడు పట్టణాల్లో మనం మాట్లాడుకుంటున్నది అదే తీరువా, కాకపోతే నీటికి బదులు రోడ్డుకి.

నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక విషయం చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నాను. జమీందారుకి కంపెనీ పేష్కష్ రాసిచ్చినట్టే, మునిసిపాలిటీ తనకి తానే పేష్కష్ రాసుకుంది. పాత ఇంటి పన్ను అద్దె విలువ మీద ఉండేది. ఆ అద్దె ఏ కాలం నాటిదో! పదేళ్లకు మించి దాన్ని కదపకుండా ఉంచిన సందర్భాలున్నాయి. ఊరు పెరిగింది, గజం రేటు ఎన్నో రెట్లయింది, పన్ను మాత్రం కదలదు. కమిషనర్‌కి కదపాలని ఉన్నా కౌన్సిల్ ఊరుకోదు, కౌన్సిల్‌కి కదపాలని ఉన్నా ఎన్నికలు ఊరుకోవు.

2020 చివర్లో చట్టం మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను అద్దె మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, ఇళ్లకైతే అందులో 0.10 శాతం నుంచి 0.50 శాతం లోపు, దుకాణాల్లాంటి వాటికి 0.20 నుంచి 2 శాతం లోపు. ఏడాదికి 15 శాతం కంటే పెరగకూడదని కట్టడి కూడా పెట్టారు. అప్పుడు ఊళ్లలో గోల గోల అయింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గోలలో న్యాయం కొంత ఉంది, అది తర్వాత చెబుతాను. కానీ టౌన్ ప్లానింగ్ మనిషిగా నాకు అందులో ఒకటి నచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బుక్ వాల్యూ, అంటే ప్రభుత్వం రాసిపెట్టిన భూమి ధర, మారితే పన్ను దానివెంట కదులుతుంది. అంటే రోడ్డుకీ పన్నుకీ మధ్య మొదటిసారి ఒక తాడు కట్టారు. సన్నటి తాడే. పది లక్షల విలువ పెరిగితే అతి తక్కువ రేటు మీద ఊరికి ఏడాదికి వెయ్యి రూపాయలు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది ఊహా లెక్కే, ఏ ఊరిదీ కాదు. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

రెండు కిలోమీటర్ల రోడ్డు. ఊరి చివర నుంచి హైవే దాకా. దానికి అటు మూడు వందల మీటర్లు, ఇటు మూడు వందల మీటర్లు తీసుకుందాం. 120 హెక్టార్లు, మన లెక్కలో మూడు వందల ఎకరాలకి కాస్త తక్కువ. ఎకరానికి 4,840 గజాలు. మొత్తం 14 లక్షల గజాల పైమాటే. అందులో సగం తీసేయండి: చెరువు గర్భం, గెడ్డ అంటే వాగు, పోరంబోకు, బడి, శ్మశానం. మిగిలింది ఏడు లక్షల గజాలు. ఆ రోడ్డు పడ్డం వల్ల గజానికి ఎంత పెరుగుతుంది? మీరే చెప్పండి. (సభ నుంచి: "రెండు వేలు!", "అయిదు వేలు!") అంత వద్దు, వెయ్యి అనుకుందాం. ఏడు లక్షల గజాలకి వెయ్యి రూపాయల చొప్పున 70 కోట్లు. రోడ్డుకి ఖర్చు? 10 కోట్లు అనుకుందాం.

70 కోట్లు పుట్టించిన రోడ్డుకి 10 కోట్లు ఎక్కణ్ణుంచి తెచ్చాం? రాష్ట్రం గ్రాంటు, కేంద్రం గ్రాంటు, లేదా అప్పు. అంటే ఆ రోడ్డు మొహం చూడని మనిషి సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్ను. గజానికి వెయ్యి లాభం వచ్చినవాడు అందులో నూట నలభై మూడు రూపాయలు ఊరికి ఇస్తే రోడ్డు ఖర్చు తీరిపోతుంది. ఇంకా ఎనిమిది వందల యాభై ఏడు ఆయన దగ్గరే ఉంటాయి. ఈ మాట చెబితే "మా లాభం లాక్కుంటారా" అని అడిగేవాళ్లు ఉన్నారు. లాక్కోవడం కాదండీ. రోడ్డు వేసిన కూలి అడుగుతున్నాం.

కూలి అడగడానికి మన చట్టాల్లో మార్గాలు లేవా? బోలెడున్నాయి. 1920లో మద్రాసు ప్రభుత్వం చేసిన టౌన్ ప్లానింగ్ చట్టంలోనే, ప్రణాళిక వల్ల భూమి విలువ పెరిగితే ఆ పెంపుదలలో కొంత బెటర్‌మెంట్ కింద వసూలు చేయొచ్చని ఉంది. మన ఊరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనిదే. అంటే వందేళ్ల నుంచి మన చేతిలో ఆయుధం ఉంది. బీరువాలో భద్రంగా ఉంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కూడా ఈ విషయం మీద ఒక విధాన పత్రం ఇచ్చింది, దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

స్థలం రిజిస్ట్రేషన్ అప్పుడు మీరు ఏడున్నర శాతం కడతారు కదా. అందులో అయిదు స్టాంపు డ్యూటీ, ఒకటి రిజిస్ట్రేషన్ ఫీజు. మిగతా ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అది స్థానిక సంస్థది. మునిసిపాలిటీ అయితే మునిసిపాలిటీకి, పంచాయతీ అయితే పంచాయతీకి చెందాల్సింది. కోటి రూపాయల స్థలం అమ్మితే లక్షా యాభై వేలు. భూమి విలువలో ఊరికి నేరుగా రావలసిన వాటాల్లో ఇది నాకు ఇష్టమైనది, ఎందుకంటే డబ్బు చేతులు మారే క్షణంలోనే వసూలవుతుంది. ఎవరికీ బాధ తెలీదు. చిక్కు ఏమిటంటే, అది ముందు పై ఖజానాకి వెళ్లి తర్వాత కిందికి రావాలి. కిందికి వచ్చేటప్పుడు దారిలో చాలా మలుపులుంటాయి. నేను పనిచేసిన ఒక చోట అకౌంటెంట్ ప్రతి నెలా "ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వచ్చిందా" అని అడిగేవాడు, వర్షం కోసం రైతు ఆకాశం చూసినట్టు. ఇంకో చిక్కు, బుక్ వాల్యూ ఒకటి, అసలు ధర ఒకటి. దాని గురించి నేను ఎక్కువ మాట్లాడను, ఈ హాల్లో స్థలాలు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. (నవ్వులు)

ఇప్పుడు లేఅవుట్ల సంగతి. నా సర్వీసంతా ఇందులోనే పోయింది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

అప్రూవల్ ఉన్న లేఅవుట్ అంటే, నిబంధనల ప్రకారం రోడ్లు, కాలవలు వేయాలి, పది శాతం ఖాళీ స్థలం పార్కులకి వదిలి స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ రాయాలి, ఫీజులు కట్టాలి. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చినప్పుడు విలువ ఒక్కసారి ఎగురుతుంది చూడండి, ఆ ఎగిరిన క్షణంలో ఊరికి రావలసిన వాటా ఇదే: రోడ్డు జాగా, పార్కు జాగా, డ్రైనేజీ. దొంగ లేఅవుట్ వేసేవాడు ఏం చేస్తాడు? నాలుగు రాళ్లు పాతుతాడు. ఎర్రమట్టి పోస్తాడు. అడ్డొచ్చిన గెడ్డని పూడ్చేస్తాడు. గెడ్డ మీద కూడా ప్లాటు నంబరు వేసిన మహానుభావుణ్ణి చూశాను. ఊరి వాటా మొత్తం తన ధరలో కలుపుకుని అమ్మేసి వెళ్లిపోతాడు. కొన్నది ఎవరు? రైల్వేలో గ్యాంగ్‌మన్, అంగన్‌వాడీ టీచరు, గల్ఫ్ నుంచి వచ్చిన మేస్త్రీ. రెండు వందల గజాలు.

తర్వాత ఏళ్లకి ప్రభుత్వం ఎల్ఆర్ఎస్, అంటే ఫీజు కట్టించుకుని దొంగ లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకం, ప్రకటిస్తుంది. 2008 నుంచి పలుమార్లు వచ్చింది, మొన్న 2025లో కూడా. అప్పుడు ఎవరు కడతారు? రాళ్లు పాతినవాడు ఎప్పుడో పోయాడు. కట్టేది అంగన్‌వాడీ టీచరు. వదలని పార్కుకి బదులు ఖాళీ స్థలం చార్జీ ప్లాటు విలువలో 14 శాతం అని లెక్క చెబితే ఆవిడ నా టేబుల్ ముందు నిలబడి, "సార్, నేను పార్కు దొంగిలించానా?" అని అడిగింది. నాకు జవాబు లేదు. రూల్ నంబరు చెప్పాను. రూల్ నంబరు చెప్పడం జవాబు కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే మొదట్లోనే "ఎప్పుడు" అన్నమాట గుర్తుపెట్టుకోమన్నాను. అదే డబ్బు పొలం ప్లాటుగా మారే రోజున, లాభం చేతిలో ఉన్నవాడి నుంచి అడిగితే అది న్యాయం. పదేళ్ల తర్వాత, లాభం పోయి అప్పు మిగిలినవాడి నుంచి అడిగితే అది జరిమానా. మనం దశాబ్దాలుగా జరిమానాలు వసూలు చేస్తూ దానికి అభివృద్ధి నిధులని పేరు పెట్టుకున్నాం. పైగా గెడ్డ పూడ్చాక ఆ డబ్బుతో ఏం చేస్తారు? వర్షానికి నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. పార్కు జాగా లేని చోట పార్కు ఫీజుతో పార్కు రాదు.

మరి వేరే చోట్ల ఎలా చేశారు? కొన్ని చెబుతాను, అన్నీ మనకి పనికొస్తాయని కాదు.

హైదరాబాద్ కోకాపేట మీ అందరికీ తెలుసు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశాక పక్కన ఉన్న ప్రభుత్వ భూమిని వేలం వేశారు. 2023 ఆగస్టులో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. నలభై అయిదెకరాలకి మూడు వేల మూడు వందల కోట్ల పైన వచ్చింది. టీవీల్లో మోగిపోయింది. కానీ అది అమ్మేసిన బంగారం లాంటిది. ఒక్కసారే వస్తుంది. పైగా మన మునిసిపాలిటీకి కోకాపేట ఎక్కడుంది? మనకి ఉన్న ప్రభుత్వ స్థలాలు పెద్దచెరువు గట్టు, నాలుగు పాత ఆఫీసులు. అవీ అమ్మేస్తే రేపు బడికి జాగా ఉండదు.

గుజరాత్ వాళ్లది వేరే దారి. 1915 నాటి బొంబాయి చట్టం నుంచి వాళ్లు టౌన్ ప్లానింగ్ స్కీములు వదల్లేదు. వంద మంది రైతుల భూములు ఒకచోట కలుపుతారు, రోడ్లకి, పార్కులకి, బడులకి కొంత తీసేస్తారు, కొంత నగరం అమ్ముకోడానికి ఉంచుకుంటుంది, మిగిలింది అదే రైతుకి చక్కటి ప్లాటుగా తిరిగిస్తారు. జాగా తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకి కావలసిన జాగా చాలా భాగం ఇలాగే వచ్చింది. జపాన్ వాళ్లు 1923 భూకంపం తర్వాత టోక్యోని ఈ పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు.

మన రాష్ట్రంలో అమరావతి కూడా ఈ జాతిదే. 2015లో రైతులు ముప్పై మూడు వేల ఎకరాల పైన ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం, పదేళ్ల కౌలు. జరీబు, అంటే నీటి వసతి ఉన్న, భూమికి వ్యాపార స్థలం 450 గజాలు. లెక్క బాగానే ఉంది. కానీ ప్లాటు చేతికి వచ్చి, దాని ముందు రోడ్డు పడే వరకు అది కాగితం మీది గజమే. ఏళ్ల తరబడి ఆ కాగితం పట్టుకుని ఎదురుచూసినవాళ్ల సంగతి పేపర్లలో చదివాం. నేను రాజకీయం మాట్లాడట్లేదు. ఒకటే అంటున్నాను: భూమి విలువలో వాటా తీసుకునే పథకం ఏదైనా, మాట ఇచ్చిన ప్రభుత్వం మారినా మాట మారదన్న నమ్మకం మీద నిలబడుతుంది. ఆ నమ్మకం ఒకసారి చెదిరితే రెండోసారి ఏ రైతూ సంతకం పెట్టడు.

బ్రెజిల్‌లో సావో పాలో అనే నగరం ఉంది. వాళ్లు తెలివైన పని చేశారు. ఒక స్థలంలో ఇంతే కట్టాలని గట్టి పరిమితి పెట్టారు. అంతకు మించి అంతస్తులు కావాలంటే ఆ హక్కుని నగరం దగ్గర కొనాలి. 2004 నుంచి ఆ హక్కు పత్రాలని స్టాక్ ఎక్స్చేంజీలో వేలం వేశారు. ఆ డబ్బు ఆ పేటలోనే ఖర్చు పెట్టాలని చట్టం. మరి మన దగ్గర? మనం చాలాకాలంగా ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఇంతే కట్టాలన్న లెక్క, లేకుండా, ఎత్తు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌ల మీద బిల్డింగ్ రూల్స్ నడిపాం. ఊరికే ఇచ్చేసిన దాన్ని మళ్లీ ఎవరు కొంటారు? టీడీఆర్ బాండ్ల, అంటే కట్టుకునే హక్కుని బదిలీ చేసే పత్రాల, కథ అదే. రోడ్డు వెడల్పులో ఇల్లు పోయిన మనిషికి డబ్బుకి బదులు బాండు ఇస్తాం. ఇంకొక చోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు అంటాం. పెద్ద నగరంలో కొనేవాడు దొరకవచ్చు. మన ఊళ్లో ఆ బాండు పట్టుకుని బిల్డర్ దగ్గరికి వెళ్తే "ఇది లేకుండానే నాకు అయిదు అంతస్తులు వస్తున్నాయి కదా మాస్టారూ" అంటాడు. ఇంటి ముందు వరండా పోయిన మనిషి ఆ బాండుని ఫ్రేము కట్టించుకోవాలి. (నవ్వులు) నవ్వుతున్నాం గానీ, ఆయనకది నవ్వులాట కాదు.

కొలంబియావాళ్లది సూటి పద్ధతి. 1921 చట్టం నుంచి నడుస్తోంది. రోడ్డు వేస్తే, రోడ్డుకి ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ చొప్పున, చుట్టుపక్కల స్థలాలకి బిల్లు పంపుతారు. ఇదే నూట నలభై మూడు రూపాయల లెక్క.

మరి విజయనగరంలో ఏం చేయొచ్చు? 1888లో మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు కార్పొరేషన్. నాకు పెద్ద ఆశలు లేవు. చిన్నది ఒకటి అడుగుతాను. కొత్త రోడ్డుకి గానీ, బైపాస్‌కి గానీ, పెద్ద డ్రైనుకి గానీ తీర్మానం చేసిన రోజునే, దాని పక్క సర్వే నంబర్ల పాత ధర ఒక రిజిస్టర్లో రాసి, సంతకాలు పెట్టించి, గోడకి అతికించండి. పాత ధర తెలియకుండా పెంపుదల ఎంతో ఎవరు చెప్పగలరు? కబురు పుట్టి రేటు పెరిగాక ధర రాస్తే పెరిగిన ధరే పాత ధర అవుతుంది, అక్కడితో లెక్క చెడిపోతుంది. భోగాపురం చుట్టూ కబురు పుట్టిన రోజుకి ముందు ధరల్ని ఒక రిజిస్టర్‌గా రాసి ఉంటే ఇవాళ మాట్లాడుకోడానికి ఏదో ఒకటి చేతిలో ఉండేది.

ఇంకొకటి. వసూలైన డబ్బుకి వేరే ఖాతా. జనరల్ ఫండ్‌లో కలిపితే జీతాలకి, కరెంటు బిల్లులకి పోతుంది. ఆ రోడ్డు మొదట్లో ఒక బోర్డు: ఈ రోడ్డు వల్ల ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది. జనం పన్ను కట్టడానికి బాధపడరండీ, కట్టింది కనబడకపోతే బాధపడతారు. పైడితల్లమ్మ హుండీలో వేసేటప్పుడు ఎవరైనా రసీదు అడుగుతారా? అక్కడ గుడి కనబడుతోంది కాబట్టి. మనది గుడి కాదు, రసీదు ఇచ్చి తీరాలి.

సరే, నాకిచ్చిన టైము దాటిపోయింది. ప్రశ్నలు అడగండి.

ఒక మహిళ: మాది దాసన్నపేట మాస్టారూ. మా మావగారి కాలం నుంచీ అదే ఇల్లు. రోడ్డు వెయ్యమని మేం అడగనేదు. ఇప్పుడు విలువ పెరిగిపోనాదని డబ్బు కట్టమంటే ఏటి అమ్మి కట్టాలి?

అమ్మా, ఇందాక గోలలో న్యాయం ఉందన్నది ఇదే. మీ ఇంటి విలువ కాగితం మీద పెరిగింది, మీ పెన్షన్ పెరగలేదు. మీరు అందులోనే ఉంటున్నారు, అమ్మట్లేదు. మీ దగ్గర ఇప్పుడు డబ్బు అడగడం తప్పు. ఉంటున్న ఇంటికి బెటర్‌మెంట్ సొమ్ము వాయిదా వేయాలి. ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న బాకీలు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్లో, ఒక లైను రాసి ఉంచాలి. ఎప్పుడైనా అమ్మితే, లేదా ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇస్తే, అప్పుడు ఆ డబ్బులోంచి తీసుకోవాలి. మీరు, మీ పిల్లలు ఉన్నంతకాలం ఆ లైను అలాగే ఉంటుంది, ఎవరూ తలుపు కొట్టకూడదు. అదే వీధి చివర ఖాళీగా పదేళ్ల నుంచి ముళ్లకంపలు పెంచుతున్న స్థలం ఉంటుంది చూడండి, ఓనరు ఏ ఊళ్లోనో ఉంటాడు, అక్కడ మాత్రం ఖాళీ స్థలం పన్ను గట్టిగా వేయాలి. మా బిల్ కలెక్టర్లకి ఆ నోటీసు ఎవరికి ఇవ్వాలో తెలిసేది కాదు. కంపకి అతికించి వచ్చేవారు.

ఒక యువకుడు: సార్, బిల్డర్ మీద ఎంత చార్జీ వేసినా చివరికి ప్లాటు కొనేవాడి మీదే వేస్తాడు కదా?

అందరూ అదే అంటారు బాబూ. కానీ ఆలోచించు. ఇవాళ గజం పన్నెండు వేలకి అమ్ముడవుతుంటే, బిల్డర్ దాన్ని పన్నెండు వేలకే ఎందుకు అమ్ముతున్నాడు? పదమూడుకి కొనేవాడు లేడు గనక. ఉంటే చార్జీ లేకపోయినా పదమూడుకే అమ్మేవాడు. కాబట్టి చార్జీ ఎంతో ముందే తెలిస్తే, వాడు భూమి కొనేటప్పుడు ఆ మేరకి తక్కువ ఇస్తాడు. పెరిగిన విలువలోంచే అది పోతుంది. ముందే తెలియాలి, అదీ షరతు. భూమి కొనేశాక, సగం అమ్మేశాక హఠాత్తుగా వేస్తే మాత్రం నువ్వన్నదే జరుగుతుంది. అప్పుడు ఆఖరున చిక్కేది మళ్లీ అంగన్‌వాడీ టీచరే.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన: మరి పెరిగితే తీసుకుంటారు, బాగానే ఉంది. పడిపోతే? మా ఊరి పక్కన చెత్త తెచ్చి పోస్తున్నారు. వాసనకి ఎవరూ కొనట్లేదు. ఆ తగ్గింది మాకు ఎవరిస్తారు?

(కొంచెం సేపు ఆగి) బాబూ, ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ ప్రశ్న మా సెక్షన్లో ఎవరూ అడగలేదు. ఇవ్వాలి. రోడ్డు వేసి విలువ పెంచామని వాటా అడిగే చేతికి, చెత్త పోసి విలువ తగ్గించామని పరిహారం ఇచ్చే చెయ్యి కూడా ఉండాలి. నేనిందాక చెప్పిన రిజిస్టర్లో రెండు కాలమ్‌లు పెట్టాలన్నమాట, పెరిగింది ఒకటి, తగ్గింది ఒకటి. నేను ఒక్కటే చెప్పాను, తప్పు నాదే. మీది ఏ ఊరన్నారు? ఆ... అక్కడ మీకు ఎంత ఉంది? రెండెకరాలా? రోడ్డుకి ఎటు పక్క? కిందికి దిగాక ఒకసారి కనబడండి, సర్వే నంబరు చూద్దాం.